కొమ్ముల దొర

మొన్న ఆదివారం అన్నం తింటుంటే మా అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. ఏదో కొట్లాట గేము. తెర మీద వరుసగా గడులు, గడికొక మనిషి. చివరి గడిలో మాత్రం నల్లని ఆకారం, దాని మీద తాళం బొమ్మ.

"డాడీ, నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, జర చెప్పు. ఈమెను అన్‌లాక్ చేసుకుంట."

"ఎవరీమె?"

"ఏమో. అన్‌లాక్ చేస్తేనే తెలుస్తది."

"మరి కొట్లాడి గెల్వాలె గదా?"

"అంత టైమ్ ఎవరికుంది డాడీ!"

అంకెలు చెప్పాను. నేను రెండు ముద్దలు మింగేలోపు తాళం ఊడింది, ఎవరో వెండి కవచం తొడుక్కున్నావిడ బయటికొచ్చి కత్తి తిప్పింది. మా అమ్మాయి "ఓస్, ఇంతేనా" అని లేచి వెళ్లిపోయింది. నా కంచంలో పప్పన్నం, పక్కన కొత్త మామిడికాయ తొక్కు. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది. ఆ ఘాటు, ఆ నల్లని గడి రెండూ ఒకేసారి ఎదురయ్యేసరికి నేను ఉప్పల్లో మా ఇంట్లో కూర్చునే నాచారం వెళ్లిపోయాను.

నాచారంలో మా గల్లీకి వాసనే చిరునామా. పొద్దున బిస్కెట్ల కంపెనీ వైపు నుంచి గాలి వీస్తే వీధి మొత్తం వెన్న కాగినట్టు ఘుమఘుమలాడేది. మధ్యాహ్నం గాలి తిరిగితే మందుల కంపెనీ వాసన. మొదటిదానికి ఆకలి వేసేది, రెండోదానికి ఆ ఆకలి చచ్చేది. మా అమ్మకు వంట విషయంలో దేవుడు చేసిన సాయం అదొక్కటే.

ఆ గల్లీ చివర ఒక ఇంటి ముందరి గదిలో వీడియో గేములు ఉండేవి. నడిపే అతను లారీ నేర్చుకుంటానని ఇంట్లోంచి వెళ్లి రెండు టీవీలతో తిరిగొచ్చిన మనిషి. అందరికీ అన్న. వాళ్లమ్మ జనగామ వైపు నుంచి వచ్చినావిడ, అందరికీ పెద్దమ్మ. గది వెనక తలుపు తీస్తే వాళ్ల వాకిలి, కుళాయి, ఒక రోలు. పెద్దమ్మ రాజ్యం అక్కడిదాకా. తలుపుకు ఇవతల అన్న రాజ్యం. రెండు రాజ్యాలకూ కలిపి ఫ్యూజు మాత్రం ఒక్కటే. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

అన్న దగ్గరున్న గేము మిషను తిన్నగా పెడితే సీడీ చదివేది కాదు. బోర్లా పడుకోబెట్టాలి. కింద తడి గోనెసంచి, పక్కన టేబుల్ ఫ్యాను. ఆ గదిలో ఫ్యాను గాలి మనుషులకు కాదు. మేము చెమటలో ఈదుతుంటే ఆ మిషను అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా చల్లగా పడుకునేది. దాన్ని ఎవరైనా కాలితో తగిలితే అన్న గుంజీలు తీయించేవాడు.

సీడీ ఎక్కడిదో గానీ అందులో అక్షరాలన్నీ జపానువి. లేకపోతే చైనావి. మాకు రెండింటికీ తేడా తెలియదు. నాకైతే అప్పటికి తెలుగు అక్షరాలతోనే సగం తగాదా. కాబట్టి ఆ ఆటలో కొట్లాడే పదిమందికీ పేర్లు ఉన్నా లేనట్టే. అందుకని గదిలో ఒక రూలు పుట్టింది. ఒక మనిషితో మొదలుపెట్టి, ఎదురొచ్చినవాళ్లందరినీ కొట్టి, ఆఖరున నాలుగు చేతులవాణ్ని కూడా పడగొట్టి ఆట ముగించినవాడికే ఆ మనిషికి పేరు పెట్టే హక్కు. పెట్టాక మార్చేది లేదు. మధ్యలో వేరేవాడు రిమోట్ పట్టుకుంటే హక్కు వాడిదైపోతుంది.

ఈ రూలు పెట్టింది నేనే. ఆడటం రానివాళ్లే గదా రూళ్లు పెట్టేది.

అట్లా పదిమందికీ పేర్లొచ్చాయి. జుట్టు ఎర్రగా నిక్కబొడుచుకున్నవాడు కోడిపుంజు. తెల్లగా పాలిపోయినవాడు సున్నం డబ్బా. మీసాలతో, బెత్తంలాంటి కర్రతో వచ్చేవాడికి ఒకడు లెక్కల సారు అని పెట్టాడు. ఇక చూడండి, ఆ మనిషిని తన్నడానికి పిల్లలు వరుస కట్టేవాళ్లు. లెక్కల సారు గెలిచిన రోజు గది మొత్తం ముఖాలు వేలాడేసేది.

ఆ పది పేర్లలో నాది ఒక్కటీ లేదు. అదే నా బాధ. మా గల్లీలో కుక్క దగ్గర నుంచి కార్పొరేటరు దాకా అందరికీ పేర్లు పెట్టింది నేను. నేను పెట్టిన పేర్లతోనే పోస్టుమాన్ ఇళ్లు వెతుక్కునేవాడు. తెర మీద మాత్రం నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికే నేను నేల మీద వెల్లకిలా పడి ఉండేవాణ్ని. వెనక కూర్చుని మాటలు చెప్పడమే నా పని. ఎవడైనా ఓడితే ఏడుపు రాగం తీసేవాణ్ని, గెలిస్తే బ్యాండు వాయించేవాణ్ని, నోటితోనే.

మాలో బాగా ఆడేవాడు ఒక గోదావరి జిల్లా అబ్బాయి. వాళ్ల నాన్న సైంటిస్టు. హబ్సిగూడ అవతల క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. సైకిలు మీద వచ్చేవాడు, చెప్పులు బయట వరుసగా విడిచేవాడు, పెద్దమ్మను గారూ అనేవాడు. వాడికి నేను పెట్టిన పేరు గోదారి. వాళ్లింటికి వచ్చే ఇంగ్లీషు పత్రికలో చదివి మా ఆటలోని నల్లని గడి కబురు తెచ్చింది వాడే.

తెర కింది మూలన పదకొండో గడి ఒకటి ఉండేది. అందులో నల్లని నీడ. తల మీద అటొకటి ఇటొకటి రెండు మొనలు. చేతిలో పొడవాటిదేదో, దాని కొసన గుండ్రంగా. ఎంత నొక్కినా తెరుచుకునేది కాదు.

"పదిమందితోనూ ఆట పూర్తి చేస్తే తెరుచుకుంటుందటరా" అన్నాడు గోదారి. "కానీ మధ్యలో స్విచ్ ఆపకూడదు."

"ఆపితే?"

"గెలిచిందంతా మర్చిపోతుంది. గుర్తుంచుకోవడానికి మెమరీ కార్డని వేరేగా ఉంటుంది. అది మనకి లేదుగా."

"అంటే దీనిది గూడ నా తలకాయలెక్కనే అన్నట్టు" అన్నాను.

ఆ నీడ ఎవరన్నదాని మీద నెల రోజులు చర్చ. కొమ్ములున్నాయి కాబట్టి రాక్షసుడే, చేతిలో ఉన్నది గదే, అందులో ఎవరికీ అనుమానం లేదు. వాడితో ఆడితే నాలుగు చేతులవాడు కూడా ఒక్క దెబ్బకే పోతాడని అన్న ప్రమాణం చేసినట్టు చెప్పేవాడు. నేను మాత్రం వాడికి పేరు తయారు చేసి పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. స్నానం చేసేటప్పుడు చెంబుడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటూ ఆ చప్పుడులో పైకి అని చూసుకునేవాణ్ని. గంభీరంగా ఉండేది.

కానీ ఒక్కొక్కరితో ఆట ముగించాలంటే అరగంట పైనే. పదిమందికి ఐదున్నర గంటలు. అంతసేపు కరెంటు పోకుండా ఉండాలి, ఫ్యూజు కొట్టకుండా ఉండాలి. ఆ ఇంట్లో రెండు టీవీలూ ఫ్యానూ నడుస్తుండగా పెద్దమ్మ మిక్సీ వేసిందంటే టప్‌మని అంతా చీకటే. ఒకసారి ఏడుగురి దాకా వచ్చాం. పెద్దమ్మకు పల్లి చట్నీ గుర్తొచ్చింది. ఆ ఏడుగురి కష్టం ఆమె ఇడ్లీలోకి నంజుకుంది.

ఇంతలో మా నాన్న ఒక సాయంత్రం చాయ్ తాగుతూ మామూలుగా అన్నాడు.

"సోమారం సంది నాతోని కంపెనీకి రా. సూపర్‌వైజర్‌తోని మాట్లాడిన."

ఆయన పనిచేసేది అట్టపెట్టెల కంపెనీలో. నేను బడి మానేసి అప్పటికి ఏడాది దాటింది. ఎందుకు మానేశావంటే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాణ్ని. సార్లు మాత్రం ఒకటే కారణం చెప్పేవాళ్లు.

"ఇంకొన్ని దినాలు ఆడుకోనియ్యరాదు" అంది అమ్మ.

"పుట్టిన కాడికెల్లి ఆడుకుంటనే ఉన్నడు గదనే. ఇగ చాలు."

ఆదివారాలు కూడా ఓవర్‌టైమ్ ఉంటుందని నాన్న సంతోషంగా చెప్పాడు. నేను లెక్క వేసుకున్నాను. మధ్యలో మిగిలింది ఒక్క ఆదివారం. ఆ గడి తెరిచేది, వాడికి పేరు పెట్టేది, వాడితో ఒక్క ఆటైనా ఆడేది ఏదైనా ఉంటే ఆ రోజే. ఆ తర్వాత ఎవడో తెరుస్తాడు, ఏదో చెత్త పేరు పెడతాడు. ఎవడైనా "గుండు" అని పెడితే నేను భరించగలనా?

ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి కరెంటు కోత. పొద్దున తొమ్మిదింటికే గది తలుపు కొట్టాను. గోదారి, ఇంకో ముగ్గురు పిల్లలు వచ్చేశారు. అన్న మిషనును బోర్లా పడుకోబెట్టి సంచి తడిపాడు. అంతా సిద్ధం. అప్పుడు వెనక తలుపులోంచి మామిడికాయల వాసన వచ్చింది.

తొంగి చూశాను. వాకిట్లో చాప, చాప మీద గుట్టగా కొట్టిన మామిడి ముక్కలు. చేటలో ఆవాలు. గిర్నీ నుంచి తెచ్చిన కారం పెద్ద డబ్బాలో. ఎల్లిగడ్డ పాయలు, అల్లం. పెద్దమ్మ కొంగు బిగించి మిక్సీ తుడుస్తోంది.

"పెద్దమ్మా, ఇయ్యాల మిక్సీ పెట్టకే. నీ కాళ్లు మొక్కుత."

"మిక్సీ పెట్టకపోతె ఆవాలు నీ నెత్తి మీద దంచాల్నారా?"

"రోట్లె మేం దంచుతం."

"మీరా! గుడ్డు పగలగొట్టుమంటె రోడ్డు రోలరు తెచ్చేటోళ్లు. ఊర్లె రోట్ల దంచి దంచి చేతులు పడిపోయినయనే గదా పట్నమొచ్చినంక మొదలు మిక్సీ కొన్న. పొండి అవుతలికి."

నేను ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడు గోదారి ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మ గారూ, రోట్లో దంచిన పిండితో పెడితే ఆవకాయ రుచే వేరండి. మా అమ్మమ్మ గారు కూడా మిక్సీ ముట్టనివ్వరండి."

పెద్దమ్మ వాణ్ని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది.

"సూడు, గా పిలగాడు ఎంత ముద్దుగ మాట్లాడుతుండో. నువ్వూ ఉన్నవ్, నోరు తెరిస్తె మోరీ కంపు." మిక్సీ వైరు చుట్టి పక్కన పెట్టింది. "సరే, దంచున్రి. బరకగుంటె మాత్రం మిక్సీ వేస్త."

పని పంచుకున్నాం. ఒకరు లోపల ఆడాలి, మిగిలినవాళ్లు బయట దంచాలి. ఎవరు ఏ మనిషితో ఆడాలన్నది వచ్చినప్పుడు నేను గోదారిని పక్కకు లాగాను.

"సగం ఆవాలు నేనొక్కన్నే దంచుత. ఆఖరుది నాకియ్యి. గడి తెరిసినోడిదే గదా పేరు."

"నువ్వు గెలవలేవురా."

"తెల్సు. గని రేపటి సంది నేను రాను."

వాడికి కంపెనీ సంగతి అప్పుడే చెప్పాను. వాడు కాసేపు తన సైకిలు వైపు చూశాడు. "కోడిపుంజు నీకు ఉంచుతాను. అందరిలోకీ వాడే తేలిక" అన్నాడు.

ఆవాలు దంచడం ఎట్లా ఉంటుందో దంచినవాడికే తెలుస్తుంది. మొదట ఏమీ అనిపించదు. పది పోట్లు పడ్డాక పొడి లేస్తుంది, ముక్కులోంచి నేరుగా మెదడులోకి పోతుంది. రోకలి ఒకడి చేతిలో, తుమ్ములు నలుగురివి. కళ్ల నీళ్లు కారుతుంటే పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఎవరన్న పోయిన్రా పెద్దమ్మా?" అని అడిగింది. "పోలేదు, తొక్కు పెడుతున్న" అంది పెద్దమ్మ. మధ్యమధ్య ముక్కను ఉప్పూ కారంలో అద్ది నోట్లో వేసుకునేవాళ్లం. ఆమె చూసేది, చూడనట్టు అటు తిరిగేది, మళ్లీ "ముక్కలు తక్కువైతున్నయ్, పిల్లి వచ్చిందా ఏంది?" అని గాలితో అనేది.

దంచుతుంటే వాళ్ల ఊరి కథ చెప్పింది. ఎండాకాలం దొర ఇంట్లో తొక్కు పెడుతున్నారంటే ఊరంతా వెళ్లి దంచాలట.

"కూలి ఏమిస్తరు పెద్దమ్మా?"

"కూలా? తొక్కు వాసన సూసి ఇంటికి పోవాలె. గదే కూలి."

"మరి మాకు గూడ వాసనేనా?"

"నీకు ముక్క గూడ పెడత. దంచు ముందు."

లోపల గోదారి ఒక్కడే ఐదుగురితో ముగించాడు. వాడి బొటనవేలు బొబ్బెక్కింది. దానికి అన్న పసుపు రాశాడు. మిగతా పిల్లలు నలుగురితో ముగించారు. అన్న గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాడు. తొమ్మిదో గీత పడేసరికి గడియారంలో మూడు దాటింది. నేనప్పుడు పెద్దమ్మ పక్కన కూర్చుని పెద్ద బేసిన్‌లో కారం, ఉప్పు, ఆవపిండి కలుపుతున్నాను. నా చేయి పెద్దదని ఆమె ఆ పని నాకు అప్పజెప్పింది.

"రారా! కోడిపుంజును పెట్టిన, మొదలైతున్నది!" అన్న కేక.

ఒక్క దూకులో లోపలికి. చేతులు కడగలేదు. అంగీకి తుడుచుకున్నాను, అంతే. తొక్కు కలిపిన చెయ్యి అంగీకి తుడిస్తే పోతుందనుకున్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

కోడిపుంజు నిజంగానే తేలిక. అయినా నేను ఎంత ఓడాలో అంతా ఓడాను. ఓడినప్పుడల్లా తెర మీద పది నుంచి కిందికి అంకెలు పడతాయి, సున్నా లోపు బటన్ నొక్కితే మళ్లీ ఆడొచ్చు. మామూలు రోజుల్లో ఓడినవాడు రిమోట్ పక్కవాడికి ఇచ్చేయాలి, ఆ ఒక్క రోజు నాకు మాఫీ. వెనకనుంచి పిల్లలు నా పద్ధతిలోనే నాకు ఏడుపు రాగం తీస్తున్నారు. లెక్కల సారును దాటడానికే పావుగంట పట్టింది. మూడు ముప్పావు అవుతుండగా నాలుగు చేతులవాడు వచ్చాడు.

మొదటి రౌండు వాడిది. రెండోది ఎట్లాగో నాది. మూడోది మొదలవగానే నుదుటి మీంచి చెమట కంట్లో పడింది. చేత్తో తుడుచుకున్నాను.

"సచ్చిన్రా! కండ్లు!"

నిప్పు పెట్టినట్టుంది. రెండు కళ్లూ మూసుకుపోయాయి. తెర లేదు, గది లేదు, మంట ఒక్కటే ఉంది.

"గోదారికియ్యి రిమోటు, టైమ్ అయితున్నది!" అని అరిచాడు అన్న.

"ఇయ్య. సచ్చినా ఇయ్య!" ఇస్తే పేరు పోతుంది. పక్కన ఎవడో లాగబోతే రిమోటును కడుపుకు హత్తుకున్నాను. అప్పుడు గోదారి నా చెవి దగ్గరికి జరిగాడు.

"సరే, ఇవ్వద్దు. నేను చెప్తా, నువ్వు నొక్కు. వెనక్కి! వెనక్కిరా! ఇప్పుడు ఎగురు. తన్ను!"

"తగిలిందా?"

"తగిలింది. వాడు లేస్తున్నాడు. కింద కూర్చో. కూర్చునే ఉండు. ఇప్పుడు గుద్దు!"

"ఏ బటన్?"

"ఏదో ఒకటి గుద్దరా బాబూ!"

అన్నీ గుద్దాను. నాలుగు బటన్లూ, ఒకేసారి, రెండు చేతులతో, తొక్కు కలిపినట్టే. ఏదో పడిన చప్పుడు. ఆ తర్వాత ఎవరూ ఎప్పుడూ వినని కొత్త పాట ఒకటి టీవీలోంచి వచ్చింది, దాని మీద పిల్లల కేకలు. ఆ తర్వాత కేకలు ఆగిపోయాయి. ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఏమైందిరా? తెరుసుకుందా? ఎట్లున్నడు?"

"తెరుసుకుంది" అన్నాడు అన్న. గొంతు అదోలా ఉంది. "మస్తున్నడు. భయంకరంగున్నడు."

"కొమ్ములున్నయా?"

"ఉన్నాయిరా" అన్నాడు గోదారి. "రెండు."

"గద?"

"అదీ ఉంది. ముందు పేరు పెట్టు, కరెంటు పోతుంది."

లేచి నిలబడ్డాను. కళ్లు మూసుకుని, నీళ్లు ధారగా కారుతుండగా, కారం చేతిని పైకెత్తి, స్నానాల గదిలో అన్ని రోజులు సాధన చేసిన గొంతుతో చెప్పాను.

"ఇయ్యాల్టి సంది ఈయన పేరు కొమ్ముల దొర!"

గది పేలిపోయింది. నేల మీద పడి దొర్లుతున్న చప్పుడు. ఎవడి తలో గోడకు తగిలింది. ఆ లొల్లికి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. నా ముఖం చూసి నా చెవి పట్టుకుని కుళాయి దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"తొక్కు చెయ్యి కండ్లల్ల పెట్టుకుంటవారా! అక్కల్ లేదు, తెలివి లేదు!" చెంబుల కొద్దీ నీళ్లు కొట్టింది, పాలలో ముంచిన గుడ్డ కళ్ల మీద పెట్టింది. తిట్టు ఆగలేదు, గుడ్డ మార్చడమూ ఆగలేదు. "దొరంట, దొర. దొరలను ఊర్లె ఇడిసిపెట్టి పట్నమొస్తె, మీరు టీవీల దెచ్చి కూసోవెడ్తిరి."

కాసేపటికి ఒక కన్ను కొద్దిగా తెరుచుకుంది. గోడ పట్టుకుని గదిలోకొచ్చి చూశాను.

తెర మీద ఒక వంటాయన నిలబడి ఉన్నాడు. బానపొట్ట. నెత్తికి తువ్వాలు చుట్టి ముడి వేసుకున్నాడు, ఆ ముడి కొసలు రెండూ పైకి నిక్కి ఉన్నాయి. చేతిలో పొడవాటి గంటె. చూడగానే గుర్తుపట్టాను. ఆ ఆటలో సంత బొమ్మ ముందు జరిగే కొట్లాటల్లో, వెనక మూలన ఒకాయన ఎప్పుడూ కాగు ముందు నిలబడి ఏదో కలుపుతుండేవాడు. ముందర మనుషులు తన్నుకు చస్తున్నా తల తిప్పేవాడు కాదు. ఆయనే.

"అన్నా, పేరు మారుస్త."

"నడవది."

"అన్నా, నీకు దండం పెడత."

"రూలు ఎవరు పెట్టిన్రు? నువ్వే గదా పెట్టినవ్."

గుమ్మంలో నిలబడి పెద్దమ్మ తెర వైపు చూసింది. "గీయన్నా దొర? గంటె పట్టుకున్నోడా?" అని అడిగింది. తలూపాం. ఆమె అక్కడే గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే మేం నవ్వడం ఆపి ఆమెను చూస్తూ ఉండిపోయాం.

"మంచిగ పెట్టినవ్ బిడ్డా" అంది కళ్లు తుడుచుకుంటూ. "మార్చకు. దొర వంట జెయ్యాలె, మనం కూసోని సూడాలె."

కరెంటు పోవడానికి ఆరేడు నిమిషాలుంది. తెరిచినవాడికే మొదటి ఆట. రెండో రిమోటు పట్టుకుని గోదారి కూర్చున్నాడు, లెక్కల సారును తీసుకున్నాడు. నేను కొమ్ముల దొరను తీసుకున్నాను, ఒంటికన్నుతో.

దొర నడక ఆవు నడకే. ఎగిరితే జానెడు కూడా లేవడు. మొదటి రౌండులో లెక్కల సారు బెత్తంతో ఆయన్ని బడిలో నన్ను కొట్టినట్టే కొట్టాడు. రెండో రౌండులో పొరపాటున రెండు బటన్లు కలిసి పడ్డాయి. దొర ఎక్కణ్నుంచో కాగు తీసి కుతకుతలాడే పులుసు ఎదుటివాడి మీద గుమ్మరించాడు. గోదారి నోరు తెరిచాడు. ఇంకో బటన్‌కు నెత్తిమీది తువ్వాలుతో చెళ్లున చరిచాడు. పొట్ట మీద తన్నితే తన్నినవాడే ఎగిరి అవతల పడుతున్నాడు. అది ఎట్లా కాచుకోవాలో గోదారికి తెలియదు. ఎట్లా చేస్తున్నానో నాకూ తెలియదు.

"ఎయ్ దొరా! గంటెతోని ఎయ్!" గడప మీంచి పెద్దమ్మ. "లెక్కల సారంట, లెక్క తేల్చు!"

మూడో రౌండు ఆఖరున గంటె లెక్కల సారు నెత్తిన ఠంగుమని మోగింది. సారు పడ్డాడు. లేవలేదు. ఆ గదిలో గోదారిని నేను ఓడించడం అదే మొదలు. వాడు రిమోటు కింద పెట్టి, బొబ్బెక్కిన వేలు అట్లాగే ఉంచి నాకు చెయ్యి ఇచ్చాడు. నేను ఇవ్వబోతే వెనక్కి లాక్కున్నాడు. "నీ చెయ్యి వద్దులే బాబూ, నాకు కళ్లు కావాలి."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పదిమంది గెలుపూ, దొరా, అన్నీ పోయాయి. చిత్రంగా ఎవడూ అయ్యో అనలేదు. వాకిట్లోంచి పెద్దమ్మ పిలుస్తోంది. తొక్కు జాడీకెత్తాక బేసిన్‌కు అంటుకుని మిగిలినదాంట్లో వేడివేడి అన్నం వేసి, నూనె పోసి, ఆమె తన చేత్తో కలిపింది. చుట్టూ గుండ్రంగా కూర్చున్నాం. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముద్ద. నాకు మాత్రం నోట్లోనే పెట్టింది, చెయ్యి మళ్లీ ఎక్కడ పెట్టుకుంటానోనని. ఆ ముద్ద ఘాటుకు కూడా కళ్ల నీళ్లొచ్చాయి. గోదారి ముక్కు చీదుతూనే "ఇంకోటి పెట్టండి పెద్దమ్మ గారూ" అన్నాడు.

మర్నాడు ఎర్రబడ్డ కళ్లతో కంపెనీకి వెళ్లాను. సూపర్‌వైజరు మా నాన్నను పక్కకు పిలిచి, "పిలగాడు బాగ ఏడ్సినట్టున్నడు, ఇష్టం లేదా ఏంది?" అని అడిగాడట. మా నాన్న ఏం చెప్పాడో తెలియదు గానీ ఆ రోజు తన టిఫిన్ డబ్బాలోని గుడ్డు నాకిచ్చాడు. నేను కారం సంగతి ఆయనకు చాలా ఏళ్లు చెప్పలేదు. గుడ్డు ఆగిపోతుందని.

గోదారి వాళ్ల నాన్నకు బదిలీ అయి వెళ్లిపోయారు. అన్న తర్వాత ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు, ఆ తర్వాత మానేశాడు. ఇప్పుడు ఆ గది ఉన్నచోట బండ్ల హెల్మెట్లు అమ్ముతున్నారు. పెద్దమ్మ లేదు. ఆ రోటిని ఎవరు తీసుకుపోయారో కూడా తెలియదు. అయితే అవన్నీ జరగకముందు, కంపెనీలో చేరిన నాలుగైదు నెలలకు, ఒక ఆదివారం అక్కడి మిషను చెడి సగం పూటకే వదిలేస్తే, ఒంటి మీద అట్టల దుమ్ముతోనే ఆ గదికి వెళ్లాను.

అన్న బయటికి వెళ్లాడట. లోపల అంతా కొత్త పిల్లలు. ఒక్కడూ నాకు తెలియదు, నేను ఒక్కడికీ తెలియదు. మిషనుకు చిన్న బూడిదరంగు ముక్క ఒకటి గుచ్చి ఉంది. అన్న మొత్తానికి మెమరీ కార్డు కొన్నాడన్నమాట. పదకొండో గడిలో నీడ లేదు, ఎప్పటికీ తెరుచుకునే ఉంది.

తొమ్మిదేళ్ల బుడ్డోడొకడు రిమోటు పట్టుకుని సరాసరి ఆ గడి దగ్గరికి వెళ్లాడు.

"నాకు కొమ్ముల దొర."

"మల్ల దొరనేనా? రోజూ నువ్వే తీస్కుంటవ్" అన్నాడు పక్కవాడు.

నేను వెనక కూర్చున్నాను. ఏమీ తెలియనివాడిలా అడిగాను. "ఏం తమ్మీ, కొమ్ముల దొర అంటున్నవ్, కొమ్ములేవి? అవి తువ్వాలు కొసలు గదా?"

వాడు నా వైపు జాలిగా చూశాడు. ఆట తెలియని పెద్దవాళ్లను చూసే చూపు.

"ఇప్పుడు కనవడయన్నా. ఆయనకు బాగ కోపమొస్తె అప్పుడొస్తయ్. తువ్వాలు చించుకోని వస్తయ్."

"నువ్వు సూసినవా?"

"నేనింక సూడలే. ఒక్క దెబ్బ గూడ తినకుంట పదిమందిని కొట్టాలంట. ఎన్కట ఒకన్న కండ్లు మూసుకోని కొట్టిండంట, గప్పుడు వచ్చినయంట."

ఏదో ఒకటి అనబోయాను. అప్పటికే వాడు తెర వైపు తిరిగాడు, దొర గంటె పైకెత్తాడు, కొట్లాట మొదలైంది. స్నానం చేసి సాయంత్రం మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తానని పొద్దునే ఇంట్లో చెప్పి వచ్చాను, ఆలస్యమవుతోంది. అయినా లేవలేదు. వాడు ఒక్క దెబ్బ తినకుండా ఇద్దరిని కొట్టాడు, ముగ్గురిని కొట్టాడు. నేను ముందుకు జరిగి కూర్చున్నాను. ఏమో, వస్తాయేమోనని.